కెర్నెల్-డాక్: పేర్లు సరిచూసే గుమాస్తా

లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ వంటి కెర్నెల్ సోర్సుతో పాటే వచ్చే కెర్నెల్-డాక్ అనే పనిముట్టును ఏడాదికి పైగా దాదాపు ప్రతి వారాంతమూ వాడుతున్నాను. ఉద్యోగంలో నేను రాసేవి డ్రైవర్లే (పరికరాలను నడిపే కోడ్) అయినా, కామెంట్లు సరిదిద్దే ఈ పని ఎవరూ అప్పగించినది కాదు. ఒక ఫంక్షన్ మీద రాసి ఉన్న వివరణను నమ్మి రెండు రోజులు పోగొట్టుకున్న తరువాత, ఆ ఉక్రోషంతో మొదలుపెట్టాను. ఈ పనిముట్టు ఏం పట్టుకుంటుంది, ఏం చూసీ చూడనట్టు వదిలేస్తుంది, దాని మాట ఎంతవరకు వినాలి అన్నవి వాడిన అనుభవంతో రాస్తున్నాను.

ముందు తెలియనివారి కోసం నాలుగు మాటలు. సి భాషలో మామూలు కామెంట్ /* అని మొదలవుతుంది. కెర్నెల్‌లో మరొక స్టార్ చేర్చి /** అని మొదలుపెడితే అది పత్రీకరణ కామెంట్ అవుతుంది. దాని మొదటి వరుసలో ఫంక్షన్ పేరు, ఒక గీత, ఒక్క వాక్యంలో అది చేసే పని ఉండాలి. ఆ కింద ఒక్కొక్క పారామీటర్‌కు, అంటే ఫంక్షన్ తీసుకునే విలువకు, @ గుర్తు, పేరు, కోలన్, వివరణ రావాలి. తరువాత ఖాళీ వరుస వదిలి విపులమైన వివరణ, చివర రిటర్న్ అనే శీర్షిక కింద ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువ సంగతి రాయాలి. కెర్నెల్-డాక్ ఈ కామెంట్లను చదివి, కిందనున్న కోడ్‌తో పోల్చి, తేడా ఉంటే హెచ్చరిస్తుంది. వాటిని స్ఫింక్స్ అనే పత్రాల తయారీ సాధనానికి అందించి వెబ్ పేజీలుగా తయారు చేయిస్తుంది.

వాడకం సులువు. ఒక్క ఫైలును మాత్రమే సరిచూసుకోవాలంటే స్క్రిప్ట్‌కు నన్ అనే ఆప్షన్ ఇస్తే చాలు. పేజీలేవీ తయారు చేయకుండా హెచ్చరికలు మాత్రం చెప్పి క్షణంలో ముగిస్తుంది. కంపైల్ చేసేటప్పుడు మేక్ కమాండ్‌కు డబ్ల్యూ=1 చేర్చినా, కంపైలర్ హెచ్చరికలతో పాటు ఇవి కూడా వచ్చి పడతాయి. పూర్తి వెబ్ పేజీల తయారీ మాత్రం వేరే సంగతి. నా పాత ల్యాప్‌టాప్ మీద అది మొదలుపెట్టి టీ తాగి వచ్చినా పూర్తికాదు కాబట్టి, స్ఫింక్స్‌డిర్స్ అనే వేరియబుల్‌తో నాకు కావలసిన ఫోల్డర్‌కే పరిమితం చేసుకుంటాను.

హెచ్చరికలు ప్రధానంగా నాలుగైదు రకాలు. ఫలానా పారామీటర్‌కు వివరణ లేదన్నది ఒకటి. వివరణ ఉంది కాని ఆ పేరుతో పారామీటరే లేదన్నది రెండవది. కామెంట్ ఒక ఫంక్షన్ పేరు చెబుతుంటే కింద మరొక ఫంక్షన్ కనిపించిందన్నది ఇంకొకటి. పక్క ఫంక్షన్ నుంచి కామెంట్‌ను కాపీ చేసి పేరు మార్చడం మరచినప్పుడు ఇది వస్తుంది, ఎన్నిసార్లు వస్తుందో చూస్తే మనుషుల మీద జాలి కలుగుతుంది. రెండు స్టార్లతో మొదలైనా ఇది అసలు పత్రీకరణ కామెంటే కాదన్నది మరొకటి. రిటర్న్ విలువ గురించి రాయలేదన్న హెచ్చరిక ఉంది గాని, మనం విడిగా అడిగితేనే వస్తుంది. నా లెక్కలో అన్నింటికంటే విలువైనది అదే. అడగందే రాకపోవడం నాకు నచ్చలేదు.

ఈ పనిముట్టు బలమూ బలహీనతా నాకు ఒక్క ప్యాచ్‌తోనే (కోడ్‌లో చేర్చమని పంపే మార్పుతోనే) అర్థమయ్యాయి. ఒక డ్రైవర్‌లో పరికరం నుంచి డేటా చదివే చిన్న ఫంక్షన్ ఉంది. దాని పారామీటర్లు డెవ్, బఫ్, సైజ్. పైనున్న కామెంట్‌లో మాత్రం మూడవది @లెన్ అని ఉంది. కెర్నెల్-డాక్ రెండు హెచ్చరికలు ఇచ్చింది: సైజ్‌కు వివరణ లేదు, లెన్ అనే పారామీటర్ లేదు. నేను @లెన్‌ను @సైజ్ చేశాను. రెండూ ఒక్క దెబ్బతో పోయాయి. ప్యాచ్ పంపి, పనైపోయిందని చేతులు దులుపుకున్నాను. మర్నాడు ఆ కోడ్‌ను చూసుకునే మెయింటైనర్ నుంచి ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: ఫంక్షన్‌ను చివరిదాకా చదివారా అని. చదవలేదు. చదివితే తేలిందేమిటంటే, చదవడం సఫలమైతే సున్నా తిరిగి వస్తుందని కామెంట్ చెబుతోంది, కోడ్ మాత్రం చదివిన బైట్ల సంఖ్యను తిరిగి ఇస్తోంది. ఏ వరుసను ఎవరు ఎప్పుడు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌తో వెనక్కు వెళ్లి చూస్తే, ఎప్పుడో ఎవరో ఒకే మార్పులో పారామీటర్ పేరునూ రిటర్న్ విలువ పద్ధతినీ మార్చి, కామెంట్ జోలికి వెళ్లకుండా వదిలేశారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ పాత పేరు పొగ వంటిది. కామెంట్ కాలం చెల్లిందని బయటికి కనిపించే ఏకైక ఆనవాలు అదే. ఆ ఆనవాలును నేను చెరిపేసి, అబద్ధాన్ని మాత్రం భద్రంగా ఉంచబోయాను. హెచ్చరిక ఉన్నంతకాలం ఆ కామెంట్‌ను చూసినవారికి కాస్త అనుమానమైనా కలిగేది. నా ప్యాచ్ అలాగే చేరి ఉంటే, పేర్లన్నీ సరిపోయిన ఆ కామెంట్‌ను ఎవరూ అనుమానించేవారు కాదు. అడంగల్‌లో రైతు పేరు, సర్వే నంబరు సరిపోయాయా లేదా అని చూసే గుమాస్తా పొలంలో నిజంగా వేసిన పంట ఏమిటో చూడడానికి వెళ్లడు. కెర్నెల్-డాక్ అటువంటి గుమాస్తా. ఆ పనిలో దానికి సాటి లేదు, కాని పొలానికి వెళ్లవలసింది మనమే.

ఇదే కారణంతో, హెచ్చరికల సంఖ్య తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్న ప్యాచ్‌లంటే నాకు భయం. డెవ్ అనే పారామీటర్ పక్కన ‘డివైస్’ అని, ఫ్లాగ్స్ పక్కన ‘ఫ్లాగ్స్’ అని రాసినా ఈ పనిముట్టు తృప్తిపడుతుంది. ఆ ఫ్లాగ్స్‌లో ఏ విలువలు చెల్లుతాయో, బఫర్‌ను పిలిచినవారు విడుదల చేయాలో లేదో, లాక్ పట్టుకుని పిలవాలో వద్దో చెప్పని వివరణ ఉన్నా లేనట్టే. లాక్, ఇంటరప్ట్ వంటి సంగతులకు కాంటెక్స్ట్ అనే శీర్షిక ప్రత్యేకంగా ఉంది. డ్రైవర్ రాసేవాడికి ప్రాణావసరమైనది అదే అయినా, అది లేదని ఈ పనిముట్టు ఎన్నడూ అడగదు.

ఇక రూపం విషయంలో కొత్తవారు తప్పకుండా పడే గొయ్యి ఒకటుంది. రిటర్న్ శీర్షిక కింద సున్నా అంటే సఫలం, ఫలానా రుణ సంఖ్య అంటే చెల్లని ఆర్గ్యుమెంట్, మరొకటి అంటే మెమరీ లేదు అని వరుసకొకటి చొప్పున చక్కగా అమర్చి రాస్తాం. సోర్సులో ముచ్చటగా కనిపిస్తుంది. వెబ్ పేజీలో చూస్తే మూడూ కలిసిపోయి ఒకే వాక్యంగా పారుతుంటాయి, ఎందుకంటే వరుస మారడాన్ని అది పట్టించుకోదు. ప్రతి వరుస ముందు స్టార్ పెట్టి జాబితాగా రాస్తేనే విడివిడిగా వస్తాయి. పోనీ ఒక్కొక్క విలువ తరువాత కోలన్ పెడదామా అంటే, వరుస మొదట్లో మాట, దాని వెంట కోలన్ కనిపిస్తే దానిని కొత్త శీర్షికగా తీసుకునే ప్రమాదం ఉంది. ఈ రెండింటి గురించీ కెర్నెల్ మార్గదర్శిలో స్పష్టంగానే రాశారు. నేను మాత్రం పేజీ పాడైన తరువాతే మార్గదర్శి తెరిచాను.

దీని వయసు కూడా చెప్పుకోదగినదే. పర్ల్ భాషలో రాసిన పాత స్క్రిప్ట్ మీద 1998 నాటి మైకేల్ జుక్కి కాపీరైట్ ఉంటుంది. 2016లో కెర్నెల్ 4.8 వెర్షన్‌తో డాక్‌బుక్ అనే పాత పత్రాల పద్ధతి నుంచి స్ఫింక్స్‌కు మారడం మొదలైనప్పుడు కూడా, చివర వచ్చే రూపం మారింది గాని సోర్సును చదివే పని ఈ స్క్రిప్ట్ చేతిలోనే ఉండిపోయింది. రెండు వేల వరుసలు దాటిన ఆ పర్ల్ కోడ్‌ను ముట్టుకోవడానికి ఇష్టపడేవారు తక్కువ. చివరకు 2025లో మౌరో కార్వాల్యో షెహాబ్ దానిని పైథాన్‌లో తిరగరాశారు. కామెంట్లు రాసేవారికి పద్ధతి ఏమీ మారలేదు, మారకూడదు కూడా. లోపల చదవాలనుకునేవారికి మాత్రం ఇప్పుడు తరగతులుగా, విడివిడి ఫైళ్లుగా ఉంది. పర్ల్ వెర్షన్‌ను ఒకసారి చదవబోయి పదిహేను నిమిషాల్లో మూసేశాను, పైథాన్ వెర్షన్‌ను ఒక ఆదివారం కూర్చుని చదవగలిగాను.

అయితే భాష మారినా మూలసూత్రం అదే: ఇది కంపైలర్ చదివినట్టు సి భాషను చదవదు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే అక్షరాల నమూనాలతో, గుర్తుపడుతుంది. స్ట్రక్చర్ (మెంబర్లనే విడి విలువల సముదాయం) లోపల బిట్‌మ్యాప్‌నో హ్యాష్‌టేబుల్‌నో మాక్రో అనే సంక్షిప్త రూపంతో ప్రకటించినప్పుడు, అక్కడ ఒక మెంబర్ ఉందని దానికి తెలియజేయడానికి ఒక్కొక్క మాక్రోకూ ప్రత్యేకంగా ఒక నియమం రాసి పెట్టారు. కౌంటెడ్-బై వంటి కొత్త అలంకారాలు కోడ్‌లోకి వచ్చినప్పుడు కూడా వాటిని తుడిచేయడం దీనికి నేర్పవలసి వచ్చింది. కాబట్టి వచ్చిన ప్రతి హెచ్చరికా కామెంట్ తప్పే అనుకోనక్కరలేదు.

ఒక్క స్టార్ ప్యాచ్‌ల గురించి చెప్పకుండా ఉండలేను. ఫైలు మొదట లైసెన్సు వివరాలనో, లోపలి మామూలు వ్యాఖ్యనో ఎవరో అలవాటు కొద్దీ /** అని మొదలుపెట్టి ఉంటారు. ఒక స్టార్ తీసేస్తే హెచ్చరిక పోతుంది. కంపెనీల నుంచి వచ్చి చేరిన కోడ్‌లో పారామ్ అనే మాట ముందు చేర్చి రాసే డాక్సిజన్ (మరొక పత్రీకరణ సాధనం) పద్ధతి కామెంట్లు కూడా ఉంటాయి. కెర్నెల్-డాక్‌కు ఆ యాస అర్థం కాక పారామీటర్లన్నిటికీ వివరణ లేదంటుంది. అటువంటిచోట స్టార్ తీసేసి తప్పించుకోవాలా, కూర్చుని సరైన పద్ధతిలో తిరగరాయాలా అన్నది నిర్ణయించుకోవాలి. ఆ ఫైలు దాటి బయటికి వెళ్లని స్టాటిక్ ఫంక్షన్ అయితే స్టార్ తీసేస్తాను. ఎక్స్‌పోర్ట్ సింబల్‌తో మాడ్యూళ్లకు అందుబాటులో పెట్టిన ఫంక్షన్ అయితే తిరగరాస్తాను, ఎందుకంటే వాటికి పత్రీకరణ ఉండాలని కెర్నెల్ మార్గదర్శే కోరుతోంది.

మెయింటైనర్ల ఓపిక గురించి ఒక మాట. 2020లో లీ జోన్స్ డబ్ల్యూ=1 హెచ్చరికలను వదిలించడానికి విభాగం తరువాత విభాగంగా ప్యాచ్‌ల వరుసలు పంపారు, రాండీ డన్‌లాప్ ఏళ్ల తరబడి ఈ పని చేస్తూనే ఉన్నారు; కాబట్టి ఇది చిన్నచూపు చూసే పని కాదు. అలాగని ఒక విభాగంలో అరవై ప్యాచ్‌లు కుమ్మరిస్తే ఎవరికైనా విసుగే. ఒక డ్రైవర్‌కు ఒక ప్యాచ్, ఏ హెచ్చరిక పోయిందో దాని పూర్తి పాఠం, కోడ్ ప్రవర్తనలో మార్పేమీ లేదన్న వాక్యం: ఈ పద్ధతిలో పంపినవాటికి నాకు త్వరగా జవాబులు వచ్చాయి.

అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి, రిటర్న్ హెచ్చరికను దాచి ఉంచినందుకు. కెర్నెల్‌లోకి కొత్తగా వచ్చి మొదటి ప్యాచ్ కోసం వెతుక్కునేవారు దీనితో మొదలుపెట్టవచ్చు, కాని ముందు హెచ్చరిక చూసి, తరువాత ఫంక్షన్ మొత్తం చదివి, ఆ పేరు ఎప్పుడు మారిందో గిట్‌లో వెతికి, అప్పుడే కామెంట్ మీద చేయి వేయాలి. ఒక్కొక్క ఫంక్షన్‌కు నాకు అరగంట పడుతోంది. ఈ వారం చేతిలో ఉన్నది ఒక స్ట్రక్చర్: 41 మెంబర్లు, 6 వివరణలు. ఆ ఆరింటిలో రెండు, ఇప్పుడు ఆ స్ట్రక్చర్‌లో లేని మెంబర్లవి.