బస్సు కిటికీలోంచి చూసే చోటు కాదు, జాతీయ పోలీసు స్మారకం

ఢిల్లీ దర్శనం పేరుతో తిప్పే బస్సులకు మనిషికి 650 రూపాయల చొప్పున ముగ్గురికి 1,950 కట్టేముందు, టికెట్టులో రాసిన ప్రతి చోటా బస్సు ఆగుతుందో లేదో అడిగి తెలుసుకోండి. మా టికెట్టులో జాతీయ పోలీసు స్మారకం పేరు స్పష్టంగా ఉంది. వరంగల్లులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మా మామగారు ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే దానికోసం. తీరా బస్సు చాణక్యపురిలోని శాంతిపథ్ మీద వేగం తగ్గించకుండా సాగిపోయింది. అడిగితే గైడు మైకు పక్కన పెట్టి, "ఒక్క రాయే కదా సార్, కనబడింది కదా" అన్నాడు. మామగారు ఆ తరువాత ఎక్కడా బస్సు దిగలేదు. ఎర్రకోట దగ్గర మా ఆవిడ ఎంత బతిమాలినా "మీరు చూసి రాండి బిడ్డా" అన్నారే తప్ప సీటు వదలలేదు.

మరునాడు లోక్ కల్యాణ్ మార్గ్ వరకు మెట్రోలో, అక్కడినుంచి ఆటోలో మేమే వెళ్లాం. ముగ్గురికీ అయింది 210 రూపాయలు.

గైడు చెప్పిన ఆ ఒక్క రాయి 30 అడుగుల ఎత్తు, 238 టన్నుల బరువున్న ఏకశిల. శిల్పి అద్వైత గడనాయక్ అందులో టోపీనో తుపాకీనో చెక్కకపోవడమే నాకు నచ్చింది. హైదరాబాదు ఎస్సార్ నగర్ కూడలిలో పోలీసు అధికారి ఉమేశ్‌చంద్ర విగ్రహం ముందు ఒక మనిషి గుర్తుకొస్తాడు. ఇక్కడ ఎవరికి తెలిసిన మనిషి వారికి గుర్తుకొస్తాడు. ఇండియా గేటు దగ్గరి నేతాజీ విగ్రహ రూపకల్పనకు నాయకత్వం వహించినదీ గడనాయకే, దానికి రాయి వెళ్లింది మన ఖమ్మం నుంచి. పోలీసు స్మారకం ఉన్న చోట అంతకుముందు కట్టిన ఎత్తైన ఉక్కు కట్టడాన్ని కోర్టు ఆదేశంతో 2008లో తొలగించారు. దాని స్థానంలో వచ్చిన ఈ స్మారకాన్ని 2018 అక్టోబరు 21న ప్రారంభించారు. 1959లో అదే తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు.

మాకు ఎక్కువసేపు పట్టింది మాత్రం శౌర్య కుడ్యం దగ్గర. స్వాతంత్ర్యం నాటినుంచి విధి నిర్వహణలో మరణించిన వారి పేర్లు ప్రారంభం నాటికే 34,844. నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్‌ను 1989లో నిలబెట్టి, 1993లో ఎల్బీ స్టేడియంలో నక్సలైట్ల కాల్పులకు బలైన ఐపీఎస్ అధికారి వ్యాస్ గురించీ, 2008లో బలిమెల జలాశయంలో లాంచీ మీద జరిగిన దాడిలో పోయిన గ్రేహౌండ్స్ జవాన్ల గురించీ మామగారు చెబుతూనే, కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టి, రాతికి మొహం ఆనించినంత దగ్గరగా వంగి తన బ్యాచి వాళ్ల కోసం వెతికారు. ఒక పేరు దగ్గర ఆగి, అక్షరాల గాడిలో పేరుకున్న దుమ్మును గోటితో గీకి, రుమాలుతో తుడిచి, "వీడు నాకు మూడొందలు బాకీ" అన్నారు. మా ఆవిడ నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది.

భూగర్భంలోని మ్యూజియానికి సోమవారం సెలవు కనుక ఆ రోజు పెట్టుకోకండి. మొత్తానికి రెండు గంటలైనా కేటాయించాలి, పెద్దవాళ్లుంటే ఎండ తగ్గాక వెళ్లడం మేలు. తిరుగు ప్రయాణానికి గేటు ముందున్న ఆటోవాళ్లు 250 అడిగారు. కాస్త ముందుకు నడిస్తే 120కే దొరికింది. ఆగని చోటుకు డబ్బు వెనక్కివ్వమని బస్సువాళ్లకు రెండుసార్లు ఫోన్ చేశాం, "చూపించాం కదా" అన్న మాటే మళ్లీ వినిపించింది.