మిసావాలో తెరయామా షూజీ స్మారక మ్యూజియం: చూడడానికి వచ్చినవారికి పని చెప్పే ప్రదర్శన

జపాన్‌లోని హోన్షూ దీవి ఉత్తర కొసన, ఆవోమోరి ప్రిఫెక్చర్‌లో ఉన్న మిసావా పట్టణంలో 1997లో ప్రారంభమైన తెరయామా షూజీ స్మారక మ్యూజియం, ఒక నాటక దర్శకుడిని ఆయన పద్ధతిలోనే పరిచయం చేసే అరుదైన చోటు. కుమారుడి వస్తువులను తల్లి హత్సు, మిసావా పట్టణానికి అప్పగించడంతో ఈ మ్యూజియానికి పునాది పడింది. తెరయామా తీసిన ఒక సినిమాకు కళాదర్శకత్వం వహించిన అవాజు కియోషీ దీని రూపకల్పన చేశారు.

లోపల బల్లలు వరుసగా ఉంటాయి. సందర్శకులు కుర్చీలో కూర్చుని, టార్చిలైటు పట్టుకుని, సొరుగులను ఒక్కొక్కటిగా లాగి చూడాలి. రాతప్రతులు, ఉత్తరాలు, ఫొటోలు ఆ చిన్న వెలుగులో పడినంత మేరకే కనిపిస్తాయి. ఏ సొరుగు తెరవాలో, దేని దగ్గర ఆగాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. 1967లో తెన్జో సజికి నాటక బృందాన్ని స్థాపించిన తెరయామా, చీకట్లో ప్రదర్శించిన ఒక నాటకంలో ప్రేక్షకుల చేతికి అగ్గిపుల్లలు ఇచ్చి, చూడదలచుకున్నది వారినే వెలిగించుకోమన్నారు. ఆ సంగతి తెలిసినవారికి ఈ టార్చిలైటు ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే అర్థమవుతుంది.

ఆయన ప్రేక్షకులను కుదురుగా కూర్చోనిచ్చిన దర్శకుడు కారు. 1975లో టోక్యోలోని సుగినామి ప్రాంతంలో ముప్పై గంటల పాటు సాగిన ‘నాక్’ నాటకం వీధుల్లోకీ, ఇళ్ళ గుమ్మాల్లోకీ వెళ్ళి, చివరికి పోలీసుల జోక్యం దాకా వచ్చింది. మన వీధినాటకంలో ప్రేక్షకులు చుట్టూ నిలబడి చూస్తారు. అక్కడ మాత్రం తలుపు తీసిన మనిషికి తాను నాటకంలో ఉన్నానన్న సంగతే తెలియకపోవచ్చు. అది న్యాయమేనా అన్న ప్రశ్నను ఆయన అభిమానులు తప్పించుకోకూడదు. పిల్లల తిరుగుబాటును చూపిన ‘ఎంపరర్ టొమాటో కెచప్’ చిత్రంలో పసివారిని కెమెరా ముందు వాడుకున్న తీరును నేను సమర్థించలేను. 1954లో తాంకా అనే చిన్న జపనీ కవితారూపంలో రాసిన కవిత్వానికి పురస్కారం పొందిన వెంటనే, ఇతరుల హైకూలను తిరగరాశారన్న ఆరోపణ తెరయామాపై వచ్చింది. సొంత జీవితం విషయంలోనూ కల్పనకు వెనుకాడలేదు: కదిలే రైలులో పుట్టానని చెప్పుకునేవారు.

అందుకే ఈ మ్యూజియానికి వెళ్ళేముందు ఆయన తీసిన 1974 నాటి చిత్రం ‘పాస్టరల్: టు డై ఇన్ ద కంట్రీ’ తప్పక చూడాలని నా గట్టి సలహా. బాల్యాన్ని జ్ఞాపకం ఎంతగా దిద్దుకుంటుందో విచారించిన ఆ చిత్రం చివరిలో, తల్లీకొడుకులు భోజనం చేస్తుండగా ఇంటి గోడలు ఒక్కసారిగా కూలిపోతాయి. వెనుక టోక్యోలోని షింజుకు వీధి బయటపడుతుంది, జనం నడిచిపోతుంటారు, వాళ్ళిద్దరూ తింటూనే ఉంటారు. ఆ దృశ్యం మనసులో ఉంటే, సొరుగుల్లోని ఉత్తరాలనూ ఫొటోలనూ సాక్ష్యాలుగా నమ్మేయకుండా, 47 ఏళ్ళకే 1983లో మరణించిన ఒక కళాకారుడు తన గురించి తానే అల్లుకున్న కథలో భాగాలుగా చదవగలుగుతారు.

హచినోహె నగరం దాకా షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో వచ్చి, అక్కడి నుంచి ఆవోయిమోరి రైలు పట్టుకుంటే మిసావా చేరుకోవచ్చు. మ్యూజియం స్టేషన్‌కు దూరంగా ఉంటుంది కాబట్టి టాక్సీ మేలు. సాధారణంగా సోమవారం సెలవు. నాటకరంగంలో పనిచేసేవారు పూట మొత్తం కేటాయించుకుని వెళ్ళండి. సొరుగులన్నీ తెరవడానికి తీరిక కావాలి.