బర్క్‌లీ, శాన్‌ఫ్రాన్సిస్కో: వీల్‌చైర్‌లోంచి చూస్తే

అమెరికాలోని బర్క్‌లీ వెళ్తున్నానంటే యూనివర్సిటీ చూడటానికా అని అడిగారు అందరూ. నేను చూడాలనుకున్నవి వేరు. నాలాంటి వీల్‌చైర్ మనుషులు కొట్లాడి మార్పించుకున్న వీధులూ భవనాలూ ఆ ఊళ్లోనూ, అఖాతానికి అవతల శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఉన్నాయి. పనిలో పనిగా అక్కడి బసలు, రైళ్లు మనకెంత పనికొస్తాయో తేల్చుకోవాలనుకున్నాను. సదుపాయాల జాబితా చూసి నేను మార్కులు వెయ్యను. ఎక్కడెక్కడ ఎవరినో పిలిచి సాయం అడగాల్సి వచ్చిందో చూస్తాను.

ఆ లెక్కన మొదటి ర్యాంకు ఎడ్ రాబర్ట్స్ క్యాంపస్‌ది. 2010లో తెరిచారు. ఆ ప్రాంతపు మెట్రో రైలు అయిన బార్ట్ వాళ్ల యాష్‌బీ స్టేషన్‌కి ఆనుకునే ఉంటుంది. రైలు దిగాక రోడ్డు దాటే పని లేదు. లోపలికి వెళ్లగానే నట్టనడుమ ఎర్రటి ర్యాంపు గుండ్రంగా తిరుగుతూ పై అంతస్తుకు పోతుంది. ఎక్కడైనా మనకిచ్చే ర్యాంపు వెనక గుమ్మం దగ్గర, చెత్తడబ్బాల పక్కన కదా ఉండేది! ఇక్కడ అదే రాచబాట, నడవగలిగినవాళ్లూ దాని మీదే పోతున్నారు. దీన్ని కట్టించుకున్నది వికలాంగుల సంస్థలే. వికలాంగులు సొంతంగా బతకడానికి తోడ్పడే సంస్థ, 1972లో మొదలైన సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ కూడా ఇందులోనే ఉంది. నిజానికి ఇది ఆఫీసుల భవనం, అరగంటలో చూసేయొచ్చు. నేను మాత్రం ర్యాంపు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాను.

ఆ ఎడ్ రాబర్ట్స్ పోలియోతో మెడ కింది నుంచి చచ్చుబడిన మనిషి. ఊపిరాడించే పెద్ద యంత్రం, ఐరన్ లంగ్‌లో పడుకునేవాడు. 1962లో యూనివర్సిటీలో చేరితే, ఆ యంత్రం పట్టే హాస్టల్ గది లేక క్యాంపస్‌లోని కోవెల్ ఆస్పత్రిలో బస ఇచ్చారు. తర్వాత అలాంటివాళ్లే మరికొందరు చేరారు, 'రోలింగ్ క్వాడ్స్' అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. ఈయన ఉద్యోగానికి పనికిరాడని తేల్చేసిన రాష్ట్ర పునరావాస శాఖకే 1975లో ఆయన డైరెక్టరయ్యాడు. ఆస్పత్రి ఇప్పుడు లేదు, ఆ స్థలంలో బిజినెస్ స్కూలు కట్టారు. యూనివర్సిటీ క్యాంపస్ తూర్పు వైపు ఎగువ. చేత్తో తోసుకునే కుర్చీ అయితే అటు వెళ్లకండి, భుజాలు పోతాయి.

బార్ట్ రైళ్లు నాకు నచ్చాయి. 1972లో మొదలయ్యాయి, తొలినాళ్ల నుంచే స్టేషన్లకు లిఫ్టులున్నాయి. అరవైల్లోనే హెరాల్డ్ విల్సన్ అనే వీల్‌చైర్ ఉద్యోగి పట్టువదలకుండా వెంటబడితే వచ్చినవి అవి. ఒక్క జాగ్రత్త: చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫారానికి ఒకటే లిఫ్టు. బయల్దేరే ముందు అది పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో సివిక్ సెంటర్ స్టేషన్‌లో దిగితే పక్కనే 50 యునైటెడ్ నేషన్స్ ప్లాజా. బయటి నుంచే చూశాను. మామూలు ప్రభుత్వ భవనం, ఫొటోకి అంత పనికిరాదు. కానీ నాకు ఈ యాత్రంతా దీని కోసమే. సర్కారు డబ్బు తీసుకునే ఎవరూ వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని 1973 పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ చెప్పింది. నిబంధనల మీద సంతకం పెట్టకుండా ప్రభుత్వం నాలుగేళ్లు నాన్చింది. 1977 ఏప్రిల్ 5న జూడీ హ్యూమన్, కిటీ కోన్ వంటివాళ్ల నాయకత్వంలో నూరుమందికి పైగా ఈ భవనం నాలుగో అంతస్తులో బైఠాయించారు. మందులు, వెంట ఉండి చూసుకునే మనుషులు లేకుండానే చాలామంది ఉండిపోయారు. ఫోన్లు కోసేస్తే, బధిరులు కిటికీల్లోంచి సంజ్ఞలతో కింద ఉన్నవాళ్లకు కబుర్లు చేరవేశారు. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్లు రోజూ వేడి భోజనం తెచ్చిపెట్టారు. ఏప్రిల్ 28న సంతకం పడింది. దయతలచి ఇచ్చింది కాదు. అక్కడ నేను అనుకున్నదానికంటే చాలాసేపు ఉండిపోయాను.

ఇక బస. పేరు చెప్పను, చిన్న హోటలు. వికలాంగుల గది అనే బుక్ చేశాను. తీరా చూస్తే స్నానానికి తొట్టి. గోడకు పట్టుకునే కడ్డీలున్నాయి, కుర్చీతో లోపలికి వెళ్లే షవర్ లేదు. అమెరికా కేంద్ర ప్రభుత్వపు వికలాంగుల చట్టం (ఏడీఏ) ప్రకారం వాళ్ల తప్పేం లేదు, 50 గదుల్లోపు హోటళ్లకు అలాంటి షవర్ తప్పనిసరి కాదు. మంచం మరీ ఎత్తు, రాత్రీ పొద్దునా రిసెప్షన్‌కి ఫోన్ చెయ్యక తప్పలేదు. కమోడ్ 17 నుంచి 19 అంగుళాల మధ్య ఉండాలని రాసిన ఏడీఏ ప్రమాణాలు మంచం ఎత్తు ఊసే ఎత్తవు. రోజూ కుర్చీలోంచి మంచం మీదికి మారేవాళ్లెవరైనా ఆ గదిలోకి ఒకసారి తొంగిచూసి ఉంటే చెప్పేవాళ్లు. బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి షవర్ సంగతి అడగండి, మంచం ఎత్తు టేపుతో కొలిపించి చెప్పమనండి. మంచి నిబంధన కూడా ఒకటుంది. మనం బుక్ చేసుకున్న అందుబాటు గదిని హోటలువాళ్లు ఇంకొకరికి ఇచ్చేయకూడదు.

ఊరికి గుర్తుగా చెప్పుకునే, వీధుల్లో పట్టాల మీద తిరిగే కేబుల్ కార్లు మనకు ఎక్కడానికి వీలు కాదు. దాని కోసం బాధపడే బదులు పాత జైలున్న అల్కాట్రాజ్ దీవికి వెళ్లండి. రేవు నుంచి జైలు దాకా 130 అడుగుల ఎత్తు, నిటారు దారి. ఎక్కలేనివాళ్ల కోసం కరెంటు బండి ఉంది, వీల్‌చైర్ కూడా పడుతుంది. అయితే రోజంతా వరసగా తిరగదు. పడవ దిగగానే దాని వేళలు కనుక్కుని, తిరుగు పడవ దానికి తగ్గట్టు చూసుకోవాలి.