ముందు జహన్నమ్ (నరకం) చెప్పాలా, జన్నత్ (స్వర్గం) చెప్పాలా?

మా అమ్మీ చనిపోయిన రాత్రి ఆరేళ్ల మా పాప "అబ్బా (నాన్నా), దాదీ (నానమ్మ) ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది.

ఆఖిరత్ (మరణం తర్వాతి జీవితం) గురించి పిల్లలకు రెండు రకాలుగా చెప్పడం చూశాను. ఒకటి భయంతో. అబద్ధమాడితే నిప్పు, నమాజు మానితే నిప్పు. నేను అలాగే పెరిగాను. పిల్లలు మాట వింటారు, నిజమే. కానీ రాత్రి నిద్ర పట్టదు, అల్లాహ్ పేరు వింటేనే టెన్షన్.

రెండోది రహమత్‌తో, అంటే కరుణతో. ఖుర్ఆన్‌లోని 114 సూరాల్లో (అధ్యాయాల్లో) 113 బిస్మిల్లాతోనే, అంటే కరుణామయుడి పేరుతోనే మొదలవుతాయి. అల్లాహ్ తన కరుణను 100 భాగాలు చేసి ఒక్కటే భూమికి పంపాడనీ, గుర్రం తన పిల్లను తొక్కకుండా కాలెత్తేది దానివల్లేననీ హదీసు (ప్రవక్త చెప్పిన మాట) చెబుతుంది. మిగతా 99 ఆయన దగ్గరే ఉన్నాయి. దాహంతో ఉన్న కుక్కకు బూటుతో నీళ్లు తోడిపోసి క్షమాపణ పొందిన స్త్రీ కథ అయితే మా పాప మళ్లీ మళ్లీ చెప్పించుకుంటుంది.

నా ఓటు దీనికే. అలాగని లెక్క అడిగే రోజును దాచకూడదు. రవ్వంత మంచి, రవ్వంత చెడు చేసినా కళ్ల ముందుకొస్తుందని జిల్‌జాల్ సూరా చెబుతుంది. ఆ మాట అర్థమయ్యే వయసులో చెప్పాలి. యుక్తవయసు దాకా పిల్లల పాపాలు రాయరన్న సంగతి కూడా వాళ్లకు తెలియాలి. నాకెవరూ చెప్పలేదు.

ఆ రాత్రి పాపకు "ఇన్నా లిల్లాహి" అర్థం చెప్పాను: మనం అల్లాహ్ వాళ్లం, ఆయన దగ్గరికే తిరిగి వెళ్తాం. "అయితే దాదీ కోసం దుఆ (ప్రార్థన) చేద్దాం" అంటూ చేతులెత్తింది.