స్నేహితులకు ఇంగ్లీషులో మెయిళ్లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. కాలేజీలో ముగ్గురం జట్టు: నేను, బరంపురం వాడొకడు, మధురై వాడొకడు. బరంపురం వాడు తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవమంటే ఒక్క అక్షరం రాదు. మధురై వాడికి మా రెండు భాషలూ అందవు. 2016లో ఉద్యోగాల కోసం తలో దిక్కూ పోయాక మాకు ఇంగ్లీషు మెయిలే దిక్కయింది. వాట్సాప్ ఉండగా మెయిలెందుకంటే, నా ఫోను పోయినప్పుడు అందులోని కబుర్లన్నీ దాంతోనే పోయాయి. మెయిళ్లు మాత్రం మొదటి రోజువి కూడా వెతికితే దొరుకుతున్నాయి.

ఆ మొదటి ఏడాదివి ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. 'ఐ యామ్ ఫైన్ హియర్ అండ్ హోప్ యు ఆర్ ఆల్సో ఫైన్ దేర్' అని మొదలు, 'యువర్స్ లవింగ్లీ' అని ముగింపు. పదో తరగతిలో లెటర్ రైటింగుకి మార్కులు తెచ్చిపెట్టిన సరుకంతా అందులో ఉంది, నేను తప్ప. బరంపురం వాడు ఫోన్ చేసి, "ఏట్రా ఇది, నాకేదో లోన్ శాంక్షన్ అయిందనుకున్నాను" అన్నాడు. మాట్లాడే భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోట్లాడింది మా ఊళ్లో ఉండగానే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన మాట ఇంగ్లీషుకి కూడా పనికొస్తుందని నాకు తట్టడానికి ఏడాది పట్టింది.

'డు నాట్' బదులు 'డోంట్', 'కెనాట్' బదులు 'కాంట్' రాయడం మొదలుపెట్టగానే సగం బిగువు తగ్గింది. పలకరింపుకి 'హే' చాలు. అదే రోజు మూడో జవాబుకి అది కూడా అక్కర్లేదు.

మనం అలవాటుగా వాడే కొన్ని మాటలతో మాత్రం జాగ్రత్త. పెదనాన్న పోయినప్పుడు 'ఎక్స్‌పైర్డ్' అని రాశాను. మధురై వాడు అప్పటికి కెనడాలో ఉన్నాడు. ఓదార్చి, చాలా రోజులయ్యాక మెల్లిగా చెప్పాడు: అక్కడ ఎక్స్‌పైర్ అయ్యేవి పాల డబ్బాలూ పాస్‌పోర్టులూ అట. మనిషికి 'డైడ్' అంటే చాలు, 'పాస్డ్ అవే' అంటే ఇంకా మెత్తగా ఉంటుంది. 'పాస్డ్ అవుట్ ఇన్ 2016' అని రాస్తే ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయానని అనుకుంటారట. పట్టా పుచ్చుకున్నానని చెప్పాలంటే 'గ్రాడ్యుయేటెడ్' అనాలి.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది మా బావ. అక్క పెళ్లిలో ఆయన చెప్పులు దాచి, ఎక్కడ దాచానో నేనే మర్చిపోయిన సంగతి రాయాలి. 'మై బ్రదర్-ఇన్-లా' అని నాలుగుసార్లు రాసేసరికి కథ పోలీసు స్టేషన్లో ఇచ్చిన వాంగ్మూలంలా తయారైంది. మొత్తం కొట్టేసి, ఇంగ్లీషు అక్షరాల్లో 'బావ' అనే రాసి, అక్క మొగుడు, ఆయన్ని ఏడిపించడం నా హక్కు అని ఒక్క వాక్యం చేర్చాను. అప్పుడు కథ నడిచింది. ఆ రోజు నుంచి వదిన, మేనత్త, ఆవకాయ ఏవీ అనువదించడం లేదు.

సబ్జెక్ట్ దగ్గర మొదట్లో అన్నిటికీ 'హాయ్' అనే పెట్టేవాణ్ణి. తర్వాత ఏది ఎక్కడుందో వెతకలేక చచ్చాను. మహేంద్రతనయలో నీళ్లు పెరిగినప్పుడు 'రివర్ ఈజ్ అప్ ఎగైన్' అని పెట్టాను. అది ఇప్పటికీ చిటికెలో దొరుకుతుంది.

జీమెయిల్లో పంపిన మెయిల్ వెనక్కి లాక్కునే గడువు మామూలుగా 5 సెకన్లే. సెట్టింగ్స్‌లో 30 సెకన్లకి పెంచుకోవచ్చు, మొదటి రోజే పెంచుకోండి. బరంపురం వాడి అప్పు సంగతి ఇద్దరికీ వెళ్లబోతుంటే నన్ను కాపాడింది ఆ అరనిమిషమే. వాక్యం సగంలో ఉండగానే మిగతాది బూడిద రంగులో చూపించే సదుపాయం మాత్రం తీసేశాను. ఆఫీసు మెయిళ్లకి అది బంగారం. స్నేహితుల దగ్గరికొచ్చేసరికి అది ఉన్నన్నాళ్లూ ముగ్గురమూ ఒక్కడే రాసినట్టు రాశాం.

వెటకారం, కోపం ఇంగ్లీషులో ఇప్పటికీ నా వల్ల కాదు. ఒకసారి బరంపురం వాడు నాకు 'ఓకే' అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టాడు. వాడికి కోపమొచ్చిందని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా వాడు బస్సెక్కుతూ రాశాడట! ఇప్పుడు అనుమానమొస్తే ఫోన్ చేసేస్తాను.

ఇంకో చిక్కు, జవాబు రాకపోవడం. వార్తలన్నీ ఒకేసారి గుచ్చి పంపితే 'నైస్' అని వచ్చి ఊరుకునేది. ఇప్పుడు ఒకే సంగతి రాసి, చివర ఒక ప్రశ్న వదులుతున్నాను. మొన్న రథయాత్ర ఫొటోలు పంపాను. 25 ఎంబీ దాటితే మెయిల్‌కి జతపడవు, డ్రైవ్ లింకుగా వెళ్తాయి. చివర, మీ దగ్గర ఈసారి తేరు లాగారా అని అడిగాను. మధురై వాడి నుంచి నాలుగు పేరాలు వచ్చాయి. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'బావ ఎలా ఉన్నాడు, చెప్పులు దొరికాయా?'