రక్తస్రావం ఆపే కిట్ రివ్యూ: పట్టీ బాగుంది, కానీ చూడాల్సింది గుడ్డని

సంచీ జిప్పు లాగితే లోపల ఉండేవి కొన్నే వస్తువులు. ఒక టూర్నికెట్ (కాలికో చేతికో బిగించి రక్తం ఆపే పట్టీ), మందు పట్టించిన గాజ్ గుడ్డ, ఒత్తి కట్టే బ్యాండేజీ, ఛాతీ గాయానికి అంటించే చెస్ట్ సీల్స్ ఒక జత, గ్లవ్స్, బట్టలు కోసే కత్తెర, మార్కర్ పెన్ను. వీటిలో అందరి కళ్లూ పడేది టూర్నికెట్ మీదే. అమ్మేవాళ్లు కూడా దాన్నే ముందు చూపిస్తారు. ఈ రివ్యూలో చూసింది క్యాట్ అనే రకం టూర్నికెట్‌లో ఏడో తరం పట్టీ ఉన్న మామూలు కిట్.

పట్టీకి వంక పెట్టడం కష్టం. వెడల్పు 3.8 సెంటీమీటర్లు, బరువు 80 గ్రాములు కూడా ఉండదు. వెల్క్రో పట్టీ, ఒకే సందున్న బకిల్, మెలితిప్పే కడ్డీ, ఆ కడ్డీని ఆపే కొక్కెం, కొక్కెం మీద టైం రాసుకునే చీటీ. అంతే. పాత రకంలో పట్టీని బకిల్‌లో రెండుసార్లు దూర్చాలా ఒకసారి చాలా అని తికమక ఉండేది, ఏడో తరంలో ఆ గొడవ తీసేశారు. కడ్డీని కూడా లావు చేశారు.

దీని పుట్టుక యుద్ధంలో. అంతకుముందు ఫస్ట్ ఎయిడ్ పాఠాల్లో టూర్నికెట్ అంటే ఏదీ పనిచెయ్యనప్పుడు వాడే ఆఖరి అస్త్రం. 1996లో అమెరికా సైనిక వైద్యులు ఆ వరసను తిరగేశారు. కాళ్లూ చేతుల నుంచి రక్తం చిమ్ముతుంటే పట్టీయే ముందు అన్నారు. బాగ్దాద్ సైనిక ఆస్పత్రికి వచ్చిన 232 మందిని పరిశీలిస్తే తేలింది ఇది: షాక్‌లోకి (రక్తం బాగా పోయి ఒళ్లు కుప్పకూలే స్థితిలోకి) పోకముందే పట్టీ పడినవాళ్లలో 90 శాతం బతికారు, షాక్ వచ్చాక పడినవాళ్లలో 10 శాతమే. పట్టీ వల్లే కాలో చెయ్యో తీసెయ్యాల్సి వచ్చినవాళ్లు లేరు. అదే 1996లో ప్రపంచ ఆరోగ్య మహాసభ హింసను ప్రజారోగ్య సమస్యగా ప్రకటించింది. వేర్వేరు దారుల్లో వచ్చిన ఆ రెండు ఆలోచనలూ ఇప్పుడు ఈ సంచీలో పక్కపక్కన కూర్చున్నాయి. వాటికి ఎంతవరకు కుదిరిందన్నదే చూడాలి.

ముందు వాడే పద్ధతి. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, అంటే గుండె వైపు, పట్టీ వెయ్యాలి. మోకాలి మీదా మోచేతి మీదా వెయ్యకూడదు. గాయం ఎక్కడుందో కనిపించకపోతే తొడ మొదట్లోనో భుజం దగ్గరో ఎంత పైకి పోతే అంత పైకి. బట్టల మీద నుంచైనా ఫరవాలేదు గానీ, కింద జేబులో ఫోనో తాళాలో ఉంటే తీసెయ్యాలి. తర్వాత పట్టీ కొసని ఒడుపుగా, గట్టిగా లాగి వెల్క్రో అంటించాలి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. కడ్డీ తిప్పకముందే మూడు వేళ్ల కొసలు పట్టీ కిందకి దూరనంత బిగువు రావాలి. అప్పుడు రక్తం ఆగేదాకా కడ్డీ తిప్పి కొక్కెంలో ఇరికించి, మిగిలిన పట్టీ కొసని దాని మీదుగా చుట్టి, చీటీతో మూసి, టైం రాయాలి.

ఎక్కువమంది తప్పేది ఆ లాగడంలోనే. పట్టీ వదులుగా ఉంచి, మిగతా పని కడ్డీ చూసుకుంటుందిలే అనుకుంటారు. మూడు అరచుట్లు తిప్పినా రక్తం ఆగలేదంటే పట్టీ వదులుగా ఉందని అర్థం, కడ్డీ విప్పి మళ్లీ లాగాలి. సగం బిగువు అసలు బిగువు లేకపోవడం కంటే చేటు. సిరల్లో ఒత్తిడి తక్కువ కాబట్టి ముందు మూసుకుపోతాయి, ఒత్తిడి ఎక్కువున్న ధమని మాత్రం పోస్తూనే ఉంటుంది. లోపలికి వచ్చిన రక్తానికి వెనక్కి దారి లేక గాయంలోంచే బయటికొస్తుంది. బాగా బిగిస్తే మనిషి నొప్పితో అరుస్తాడు. ఆ అరుపు విని సడలించకూడదు. మధ్యమధ్యలో కాస్త వదులు చెయ్యమనే పాత సలహానీ మర్చిపోవాలి. ఒకటి చాలకపోతే దాని పైన, ఆనుకుని రెండోది వెయ్యాలి. లావు తొడలకి ఇది తరచూ అవసరమవుతుంది. అందుకే ఒక్క పట్టీ పెట్టి అమ్మే కిట్‌ని సగం కిట్ అనే అనాలి. రెండు గంటల లోపు ఆస్పత్రికి చేరితే సాధారణంగా అవయవానికి ముప్పు ఉండదు. ఆరు గంటలు దాటిన పట్టీని బయట విప్పనే కూడదు.

ఇక గుడ్డ. ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 3.7 మీటర్ల పొడవు, మడతలు మడతలుగా పేర్చి ఉంటుంది. కయోలిన్ అనే బంకమన్ను పట్టించింది, రక్తం గడ్డకట్టడాన్ని వేగిరం చేస్తుంది. మొదట్లో ఇదే పనికి జియోలైట్ పొడి వచ్చింది గానీ అది రక్తం తగలగానే వేడెక్కి చర్మాన్ని కాల్చేది, మానేశారు. గజ్జల్లో, చంకలో, మెడ మొదట్లో పట్టీ కట్టడానికి చోటుండదు, అక్కడ దిక్కు ఈ గుడ్డే. దీన్ని గాయం మీద పరిస్తే వృథా. వేలితో రక్తం పుట్టే చోటు వెతికి, అక్కడి ఎముకకి ఆనించి, గాయం నిండేదాకా కుక్కి, రెండు చేతులతో శరీర బరువు మోపి కనీసం మూడు నిమిషాలు నొక్కాలి. ఆగిందో లేదో చూద్దామని మధ్యలో ఎత్తితే కట్టిన గడ్డ ఊడొస్తుంది. ఛాతీలో, పొట్టలో మాత్రం కుక్కకూడదు.

ఛాతీకి చెస్ట్ సీల్. గాలి బయటికి పోయే రంధ్రాలున్న రకమే తీసుకోవాలి. చెమటా రక్తమూ తుడవకుండా అంటిస్తే నిమిషంలో జారిపోతుంది. బుల్లెట్ వెనకనుంచి బయటికి వచ్చిందేమో వీపు కూడా చూడాలి, జత ఇచ్చేది అందుకే. అంటించాక ఊపిరి మరీ ఇబ్బంది అయితే ఒక అంచు లేపి గాలి వదలాలి.

ఇప్పుడు కుదరని సంగతి. 2001 నుంచి 2011 దాకా చనిపోయిన అమెరికా సైనికుల లెక్కల్లో, ఆస్పత్రికి చేరకముందే పోయినా కాపాడే వీలుందనిపించినవాళ్లు 976 మంది. వాళ్లలో పది మందికి తొమ్మిది మంది రక్తం పోయే చనిపోయారు, అందులోనూ మూడింట రెండొంతుల రక్తస్రావం మొండెంలోదే. ఒంటికి కవచం తొడిగి, కాళ్ల కింద మందుపాతర పేలే చోట కూడా లెక్క ఇలా ఉంది. కవచం లేని మామూలు జనం మీద కాల్పులు జరిగిన 12 ఘటనల్లోని 139 మరణాలను 2016లో పరిశీలిస్తే, బతికే వీలున్న గాయాలు 7 శాతం. కాలూ చెయ్యీ గాయం వల్ల రక్తం పోయి చనిపోయినవాళ్లు అందులో ఒక్కరూ లేరు. పట్టీ అనవసరమని దీని అర్థం కాదు. ఫ్యాక్టరీ యంత్రానికీ రోడ్డు ప్రమాదానికీ, తొడలో దిగిన కత్తికీ అది కావాల్సిందే. కానీ హింస జరిగే చోట పెట్టడానికి కిట్ కొనేటప్పుడు డబ్బంతా పట్టీల మీద పోసి, గుడ్డా సీల్స్ నాసిరకం తీసుకోవడం తలకిందుల బేరం.

ఇంకో చిల్లు, శిక్షణ. 2018లో వచ్చిన ఒక ప్రయోగంలో నేర్పిన వెంటనే 88 శాతం మంది టూర్నికెట్ సరిగ్గా వేశారు. బొమ్మల కార్డులు మాత్రమే ఇస్తే 20 శాతం కూడా దాటలేదు. నేర్చుకున్నవాళ్లని 3 నుంచి 9 నెలల తర్వాత పిలిస్తే 55 శాతానికి జారింది. కిట్‌తో వచ్చే బొమ్మల కాగితాన్ని శిక్షణ అనుకుంటే అంతే సంగతులు. అభ్యాసానికి వేరే పట్టీ ఉంచుకోవాలి. పదేపదే మెలితిప్పిన పట్టీ అసలు రోజున తెగొచ్చు.

నకిలీలు విపరీతం. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, కడ్డీ మాత్రం రెండో తిప్పుకి విల్లులా వంగుతుంది లేదా పుటుక్కుమంటుంది. కుట్లు వదులుగా ఉన్నా, లాట్ నంబర్ లేకపోయినా, ధర అసలుదానిలో మూడో వంతే ఉన్నా వదిలెయ్యండి. అసలు పట్టీని కూడా ప్లాస్టిక్ కవర్ తీసి, బకిల్‌లో దూర్చి, పెద్ద ఉచ్చులా సిద్ధంగా ఉంచాలి. రక్తం అంటిన గ్లవ్స్‌తో ఆ కవర్ చింపడం గగనం. ఎండ తగిలే చోట పెట్టొద్దు. గుడ్డకీ సీల్స్‌కీ గడువు తేదీ ఉంటుంది, పట్టీ చూసి మురిసిపోతూ దాన్ని మరిచిపోతారు.

చివరిగా చిన్న వెలితి. ఆ చీటీ మీద రాయడానికి టైం ఒక్కటే ఉంది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 1990ల చివరి నుంచి ఎమర్జెన్సీ వార్డులో హింసలో గాయపడ్డవాళ్లని ముఖ్యంగా రెండు మాటలు అడుగుతున్నారు: ఎక్కడ జరిగింది, దేనితో. పేరు తీసేసి పోలీసులకూ పురపాలకులకూ అందిస్తారు, దాన్ని బట్టి ఏ వీధిలో, ఏ బార్ దగ్గర కాపలా పెంచాలో తేలుతుంది. హింసతో ఆస్పత్రిలో చేరేవాళ్లు అక్కడ గణనీయంగా తగ్గారు. కిట్‌లో మార్కర్ ఎలాగూ ఉంది. ఆ రెండు మాటలూ రాసుకునే ఒక్క కార్డు పెట్టడం తయారీదారుకి ఖర్చే కాదు. అది వచ్చేదాకా, ఖాళీ కార్డు ఒకటి మీరే కోసి సంచీలో పెట్టుకోండి.