కూర్చునే చోటు చూసుకుని తిరిగిన విశాఖ

ఒకే గేటు వెనక రోజంతా గడిపే వండర్‌లా అంతటి పార్కు విశాఖలో లేదు. పిల్లలకి అది లోటు. కాస్త శ్రమకే కుప్పకూలే జబ్బున్న నాలాంటి మనిషికి మాత్రం అదే కలిసొచ్చింది.

మా అన్నయ్య పిల్లలు ఏడాదిగా వండర్‌లా జపం చేస్తున్నారు. హైదరాబాద్ పక్కన రావిర్యాలలో ఒకటి ఉంది, 2024లో భువనేశ్వర్ దగ్గర ఇంకోటి తెరిచారు. రాజమండ్రి నుంచి రెండూ ఒక రాత్రి ప్రయాణమే. నేను వద్దన్నది ఖర్చుకి భయపడి కాదు, టికెట్ తీరుకి భయపడి. రోజంతటికీ కలిపి పెద్ద మొత్తం పోసి లోపలికి వెళ్తే, పదకొండింటికే ఒంట్లో సత్తువ అయిపోయినా "ఇంత పెట్టి వచ్చాం, అప్పుడే వెళ్లిపోతామా" అని సాయంత్రం దాకా ఈడ్చుకొస్తాం. విశాఖలో అయితే టికెట్లన్నీ చిన్నవి, చూసేవన్నీ దాదాపు ఒకే బీచ్ రోడ్డు పొడుగునా ఉంటాయి. ఒక చోట ఒళ్లు మొరాయిస్తే ఆ టికెట్ వదిలేసి పావుగంటలో మంచం మీద వాలొచ్చు. ఈ లెక్కతోనే వదిన్నీ పిల్లలనీ ఒప్పించాను.

నా జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే కింద రాసేదంతా సుకుమారం మనిషి గునుపులా కనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని ఎం.ఈ./సి.ఎఫ్.ఎస్. అంటారు, వాడుకలో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. నాకు ఒక వైరల్ జ్వరం తర్వాత పట్టుకుంది. ఇది మామూలు అలసట కాదు. నిద్రపోయి లేచినా తీరదు. శక్తికి మించి ఏ కాస్త చేసినా దెబ్బ అప్పటికప్పుడు తెలియదు, 12 నుంచి 48 గంటల తర్వాత వచ్చి పడుతుంది. రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి లేవనివ్వదు. ఎక్కువసేపు నిలబడితే గుండె దడ, కళ్లు బైర్లు. అమెరికాలో 2015లో వచ్చిన వైద్య నివేదిక ఈ జబ్బును గుర్తుపట్టే లక్షణాల్లో శ్రమ తర్వాత కుప్పకూలడాన్ని తప్పనిసరి చేసింది. రోజూ కాస్త కాస్త వ్యాయామం పెంచుకుంటూ పొమ్మనే పాత సలహాను బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో వద్దంది. మా బంధువులకి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. "పొద్దున్నే వాకింగ్ మొదలుపెట్టమ్మా, అదే పోతుంది" అనే మావయ్యలకి కొదవ లేదు. ప్రస్తుతానికి రోగికి ఉన్న ఆధారం ఒంట్లో ఉన్నదాంట్లోనే సర్దుకోవడం. దాన్నే పేసింగ్ అంటున్నారు.

రత్నాచల్‌లో మధ్యాహ్నానికి విశాఖలో దిగాం. తెల్లవారుజామున చేరే రైళ్లు ఉన్నాయి గానీ, హోటళ్లు గది ఇచ్చేది పన్నెండు తర్వాతే. ఆరింటికి దిగి సామాన్ల మధ్య లాబీలో కూర్చోవడం నాకు ఒక పూట ఖర్చు. స్టేషన్లో చక్రాల కుర్చీ అడిగాను. కుర్చీ వచ్చింది, తోసే మనిషికి విడిగా ఇచ్చుకున్నాం. బయట ఆటో దగ్గర నేను లేచి నాలుగడుగులు వేయగానే పక్కనున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "బాగానే నడుస్తున్నారే!" అంది. నడవగలను తల్లీ, ఎంత నడవాలన్నదే సమస్య. ఇదంతా వివరించడానికి కూడా ఊపిరి ఖర్చే కాబట్టి నవ్వి ఊరుకున్నాను.

మొదట దిగిన హోటల్ బీచ్‌కి ఎదురుగానే. సముద్రం కనిపించే గది, మంచి పరుపు, లిఫ్ట్, అన్నీ బాగున్నాయి. రాత్రి ఎనిమిదికి కింద ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ మొదలైంది. డీజే మోత మంచం దాకా వచ్చి కొట్టింది. రిసెప్షన్ కౌంటర్‌లో అబ్బాయి మర్యాదగానే "పన్నెండుకి ఆపేస్తారండి" అన్నాడు. ఆపేసరికి ఒంటిగంట. గది బుక్ చేసుకునేటప్పుడు సముద్రం కనిపిస్తుందా అని అందరం అడుగుతాం. ఈ జబ్బున్నవాళ్లు అడగాల్సినవి వేరే: కింద ఫంక్షన్ హాల్ ఉందా, కరెంటు పోతే లిఫ్ట్‌కి జనరేటర్ ఉందా, గది లిఫ్ట్‌కి ఎన్ని గుమ్మాల దూరం, స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు ఇస్తారా. స్టూలు చిన్న విషయంలా ఉంటుంది గానీ నిలబడి తలస్నానం చేస్తే ఆ పూట ఇక బయటికి లేనట్టే.

మర్నాడే లాసన్స్ బే కాలనీలో అద్దెకిచ్చే ఒక ఫ్లాట్‌కి మారిపోయాం. సముద్రం కనిపించదు. కానీ నిశ్శబ్దం, చిన్న వంటిల్లు, మందపాటి కర్టెన్లు. వదిన పొద్దున్నే ఇంత అన్నం పడేసి, పెరుగు తోడు పెట్టేది. ఉప్పేసిన మజ్జిగ సీసాల్లో నింపుకుని బయల్దేరేవాళ్లం. నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకి నీళ్లూ ఉప్పూ కాస్త ఎక్కువ తీసుకోమంటారు డాక్టర్లు. బీపీ ఎక్కువున్నవాళ్లు మాత్రం అడగకుండా ఈ పని చెయ్యొద్దు. అద్దె హోటల్ కంటే తక్కువే పడింది. నా మటుకు ఈ యాత్రలో పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది ఆ ఫ్లాటే.

కైలాసగిరి. పిల్లలూ వదినా కింద నుంచి రోప్‌వే ఎక్కారు. నేను క్యాబ్‌లో రోడ్డు మీదుగా పైకి వెళ్లి వాళ్ల కోసం బెంచీ మీద కూర్చున్నాను. రోప్‌వేలో కూడా కూర్చునే వెళ్తాం, కానీ అక్కడికి చేరే వరుసలో నిలబడాలి. క్యాబ్‌కి ఆ బాధ లేదు. పైన 40 అడుగుల శివపార్వతుల తెల్లటి విగ్రహం దగ్గర ఫొటోల హడావిడి అయ్యాక టాయ్ ట్రైన్ ఎక్కాం. నాలాంటివాళ్ల కోసమే వేశారా అనిపించింది. మనం కదలక్కర్లేదు, కొండే మన చుట్టూ తిరుగుతుంది. ఒక పక్క ఊరు, ఇంకో పక్క రుషికొండ వైపు వంపు తిరిగిన తీరం. పిల్లలు రెండోసారి అడిగితే రెండోసారీ ఎక్కాను. వాళ్లతో సమానంగా దేన్నయినా రెండోసారి చేసి ఎన్నాళ్లయిందో. 2014 హుద్‌హుద్ తుఫానులో ఊళ్లో చెట్లన్నీ కూలాయని క్యాబ్ డ్రైవర్ చెప్పుకొచ్చాడు. ఇప్పుడు నీడకి లోటేం లేదు గానీ పది దాటితే ఎండ గుచ్చుతుంది. పైగా విశాఖ ఉక్కపోత. డిసెంబరులో కూడా మధ్యాహ్నం చెమట ఆరదు. ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా కొండ మీద ఉండాలి, పదకొండుకి ఫ్లాట్‌లో ఉండాలి.

పిల్లల ముచ్చట కోసం ఒక పూట శివార్లలోని ఒక వినోదాల పార్కుకి వెళ్లాం. పేరు రాయను. జెయింట్ వీల్, కొలంబస్, నీటి జారుడుబల్లలు, అన్నీ ఉన్నాయి. అక్కడే నాకొక సంగతి బోధపడింది. రైడ్ అంటే ఒళ్లు హూనం అనుకుంటాం గానీ, రైడ్ అంతసేపూ మనం కూర్చునే ఉంటాం. అది మూడు నిమిషాలు. దాని ముందు వరుసలో నిలబడేది అరగంట. ఈ జబ్బుకి శత్రువు రైడ్ కాదు, లైను. గేటు దగ్గర డాక్టరు ఇచ్చిన చీటీ చూపించి, "పిల్లలు లైన్లో ఉంటారు, వంతు వచ్చినప్పుడు నేను వచ్చి కలవొచ్చా?" అని అడిగాను. అక్కడి కుర్రాడు వైకల్యం కార్డు అడిగాడు. 2016 నాటి చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఈ జబ్బు పేరు లేదు. కార్డు ఎక్కణ్ణుంచి తేను? "అయితే అందరితో పాటే రండి మేడం" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడికి చెప్పింది వాడు చేశాడు. వెనకున్న పెద్దాయన ఒకాయన మాత్రం "వెళ్లి కూర్చోమ్మా, మీ పిల్లల వెనక నేనుంటా, నీ చోటు ఎవరూ తీసుకోరు" అన్నాడు. అలా ఆయన చలవతో కొలంబస్ ఒక్కటి ఎక్కాను. అరిచాను కూడా.

బయటి దేశాల్లో అంతా బాగుంటుందనుకోనక్కర్లేదు. అమెరికా డిస్నీ పార్కుల్లో, లైన్లో నిలబడలేనివాళ్లు వేరేచోట కూర్చుని వంతు కోసం ఆగే పాస్ ఉంది. 2024లో దాన్ని ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్లకే పరిమితం చేశారు. నాలాంటి జబ్బులున్న చాలామందికి ఆ దారి మూసుకుపోయింది. మన వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంది, డబ్బు ఎక్కువ కడితే లైను తగ్గుతుంది. జబ్బు మనిషి అదనంగా కట్టాలా అని ఒళ్లు మండుతుంది, అయినా ఎప్పుడైనా వెళ్తే అదే కొంటాను.

ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఓడ, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. ముందు మెట్లెక్కాలి. లోపల ఒక చివర నుంచి ఇంకో చివరికి ఇరుకు దారి, మధ్య మధ్య గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. వెనక జనం వస్తుంటారు కాబట్టి ఆగి ఊపిరి పీల్చుకునే వీలు తక్కువ, కూర్చునే వీలు లేదు. ఇంత తెలిసీ వెళ్లాను. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు దగ్గరుండి చెబుతారు: టార్పెడోలు ఎక్కడ పెట్టేవాళ్లు, ఆ ఇరుకులో అంతమంది ఎలా పడుకునేవాళ్లు. మా మేనల్లుడు నోరు తెరుచుకుని విన్నాడు. నా శక్తిలో పెద్ద భాగం అక్కడే పోయింది, అయినా బాధ లేదు. ఎదురుగా రోడ్డు అవతల 2017లో మ్యూజియంగా తెరిచిన టీయూ-142 అనే నౌకాదళ విమానం ఉంది. దాన్ని పిల్లలే చూశారు. నేను బీచ్ పిట్టగోడ మీద కూర్చుని ముంత మసాలా తిన్నాను. ఆ విమానం రెక్కల వెడల్పు 50 మీటర్లు, రోడ్డు మీంచి కూడా బాగానే కనిపిస్తుంది.

కురుసురకి సోమవారం సెలవు, జూకీ సోమవారమే సెలవు. అందుకని జలాంతర్గామిని ఆదివారానికి పెట్టి, సోమవారం ఎక్కడికీ వెళ్లకుండా ప్లాన్ వేశాను. ఊహించినట్టే సోమవారం మధ్యాహ్నానికి కాళ్లు సీసం పోసినట్టయ్యాయి, మాట తడబడింది. కర్టెన్లు వేసి పడుకున్నాను. వదిన పిల్లల్ని డబుల్ డెక్కర్ బస్సులో తొట్లకొండ వైపు తిప్పుకొచ్చింది. ఖాళీ రోజు ముందే రాసిపెట్టుకుంటే యాత్ర పాడైందన్న బాధ ఉండదు. ఇంట్లోవాళ్లకీ ముందే చెబితే మొహాలు ముడుచుకోరు.

జూ గురించి అనుమానంగానే వెళ్లాను. 625 ఎకరాలు, కంబాలకొండ అడవి అంచున. నడిచి చూడటం నా వల్ల అయ్యే పని కాదు. బ్యాటరీ బండి ఎక్కాక భయం పోయింది. నీడ, కొండగాలి, ఎన్‌క్లోజర్ల దగ్గర ఆగుతూ పోవడం. అందరితో కలిసి ఎక్కే బండి కాబట్టి మనకి కావలసినంతసేపు ఆగదు, అదొక్కటే వెలితి. ఏనుగు దగ్గర పిల్లలు దిగిపోయారు, నేను తర్వాతి బండి వచ్చేదాకా చెట్టు కింద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఏనుగుని వాళ్లకంటే నేనే ఎక్కువసేపు చూశాను. ఊళ్లో చూసినవాటిలో నాలాంటివాళ్లకి మొదట చెప్పేది జూ, తర్వాత కైలాసగిరి టాయ్ ట్రైన్. వినోదాల పార్కు పిల్లలకి వేరే పెద్దవాళ్లు తోడుంటేనే.

సింహాచలం ఈసారి పెట్టుకోలేదు. బస్సు కొండపైకి వెళ్తుంది, మెట్లెక్కే పని లేదు, కానీ దర్శనం వరుస ఉంటుంది. అప్పన్నకి ఇంటి నుంచే దణ్ణం పెట్టుకున్నాను.

క్యాబ్‌ల విషయంలో ఒక్క మాట. యాప్‌లో ప్రతిసారీ కొత్త బండి పిలిస్తే రోడ్డు మీద నిలబడి ఎదురుచూడాలి, ఒక డ్రైవరైతే "రోడ్డవతలికి రండి" అని ఫోన్‌లో పట్టుబట్టి చివరికి రద్దు చేశాడు. ఆ తర్వాత పూటకింత అని ఒకే బండి మాట్లాడుకున్నాం. గేటు దగ్గర దించి, గేటు దగ్గరే ఎక్కించుకున్నాడు. సీటు వెనక్కి వాల్చి మధ్యలో కళ్లు మూసుకునేదాన్ని. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ నాకు అది కదిలే గది.

పిల్లలు ఇప్పుడు అరకు అంటున్నారు. అరకు రైలు అద్దాల పెట్టెలో కుర్చీ తిప్పుకుంటూ సొరంగాలు చూడటం నాకు బాగా నప్పే ప్రయాణమే. కాకపోతే రైలు పొద్దున్నే బయల్దేరుతుంది, కాబట్టి ముందు రోజంతా విశాఖలో విశ్రాంతి, అరకులో రాత్రి బస, మర్నాడు తిరుగు. బొర్రా గుహల్లో మెట్లు దిగటం సులువే, ఎక్కేటప్పుడే తెలుస్తుంది. అవి పిల్లలకీ వదినకీ. నేను పైన బొంగులో చికెన్ దగ్గర ఉంటానని ఇప్పటికే చెప్పేశాను.